మాదాపూరులో బాలమణి సమ్మతి

పట్టాభిరామయ్యకు నోరు జారడమంటే భయం. గోదావరి జిల్లాలో ఒక ఆస్పత్రిలో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, మంగలి దుకాణంలో గడ్డం గీయించుకుంటూ, ఫలానా బడిపంతులుగారికి మూర్ఛలు వస్తున్నాయట పాపం అన్నాడు. జాలిపడే అన్నాడు. వారం తిరక్కుండా పంతులుగారి చేత ఇంటివాళ్లు ఇల్లు ఖాళీ చేయించారు. సామాను బండి వెళ్తుంటే పట్టాభిరామయ్య రోడ్డు పక్కనే ఉన్నాడు. పంతులుగారు నమస్కారం కూడా పెట్టారు. ఎవరి మాటవల్ల వెళ్లిపోతున్నారో ఆయనకు తెలియదు.

అందుకే 1974లో మాదాపూరు పిల్లల మాటల కేంద్రానికి రికార్డు గుమాస్తాగా వేసినప్పుడు, చేరిన రోజే బీరువాకు రెండో తాళం వేశాడు. కేంద్రమంటే ఊరి చివర రాతిగుట్టల పక్కన కిరాయికి తీసుకున్న రెండు గదుల పెంకుటిల్లు. మైసూరులో చదువుకొచ్చిన పుణ్యవతిగారు వారానికి రెండుసార్లు పట్నం నుంచి వచ్చి, మాటరాని పిల్లలకూ నత్తి పిల్లలకూ మాటలు నేర్పేవారు. ఎవరికేమిటన్నది ఫైళ్లలో ఉండేది. ఫైళ్ల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో తనకు తప్ప దేవుడికి కూడా తెలియకూడదని పట్టాభిరామయ్య ఏర్పాటు.

"ఇవాళ ఎందరు పిల్లలొచ్చారండీ?" అని భార్య రత్నమాల అడిగితే, "వచ్చారు" అనేవాడు. ఆవిడ లోపల్లోపల నవ్వుకునేది. కూరలమ్మే సక్కుబాయి అప్పటికే వచ్చి, ఎవరి పిల్లకు రకారం పలకదో, ఎవరి పిల్ల ఏ మాటలు మింగేస్తుందో పూసగుచ్చినట్టు చెప్పి వెళ్లి ఉండేది.

ఆ వానాకాలంలో పై ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట వైద్యానికి ముందు ప్రతి రోగి సమ్మతీ తీసుకోవాలి. బంధువుల వేలిముద్ర చాలదు. రోగి "స్వయంగా, నోటిమాటగా, స్పష్టంగా, రికార్డు గుమాస్తా సమక్షంలో" ఒప్పుకోవాలి. పెద్దాసుపత్రుల కోసం రాసిన కాగితం. ఒక నకలు ఇక్కడికీ పంపేశారు. పట్టాభిరామయ్య దాన్ని మూడుసార్లు చదివాడు. మూడుసార్లూ అదే ఉంది.

మర్నాడు రాళ్లుకొట్టే పోచమ్మ ఐదేళ్ల కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల పేరు బాలమణి. చెవులు పాము చెవులు, బుద్ధి చురుకు, మాట మాత్రం ఒక్కటీ రాలేదు. పట్టాభిరామయ్య వంగి, "వైద్యానికి ఒప్పుకుంటున్నావా తల్లీ? ఒప్పుకుంటున్నాను అని చెప్పు" అన్నాడు.

బాలమణి అతని జేబులో కలం వంక చూసింది.

"ఏంది సారు గిది?" అంది పోచమ్మ. "మాట రాకనే గద తోల్కొచ్చిన. చెప్పొస్తే నీ కాడికెందుకొస్తది?"

"నిజమేనమ్మా. కాని రూలు."

పుణ్యవతి లోపల్నుంచి వచ్చారు. "తల ఊపింది, చూశారుగా!"

"ఊపిందండి. కాని నోటిమాటగా అని రాశారు."

పట్టాభిరామయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. మాటరాని రోగి మాటతో ఎలా ఒప్పుకోవాలో తెలుపవలసిందని పైకి రాశాడు. ఇరవై రోజులకు జవాబొచ్చింది: "ఈ విషయమై రోగి వివరణ తీసుకొని పంపవలెను."

పుణ్యవతి అది చదివి, కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వారు. ఆ తర్వాత నెమ్మదిగా అడిగారు: "ఒప్పుకోవడం నేర్పితే, అది వైద్యం కింద వస్తుందాండీ?"

పట్టాభిరామయ్య సర్క్యులర్ తీసి చూశాడు. "రాదండి. అది సమ్మతికి సన్నాహం."

ఇక వానాకాలమంతా పదకొండుమంది పిల్లలు వసారాలో కూర్చుని ఒక్క మాటే సాధన చేశారు. 'ప్ప' కోసం కాగితం ముక్కలు ఊదారు, అద్దంలో పెదాలు చూసుకున్నారు. ఆ మాట ఊరికి పట్టుకుంది. మేకలు కాచే పోచయ్య మందను తోలుకుపోతూ, "ఒప్పుకుంటున్నరా, లేదా?" అని వాటిని అడిగేవాడు. దసరాకు ఏడుగురు ఒప్పుకున్నారు, దీపావళికి మరో ముగ్గురు. మిగిలింది బాలమణి.

కార్తీకమాసంలో ఒకరోజు పట్టాభిరామయ్య యథాప్రకారం వంగి అడిగాడు. బాలమణి పెదాలు బిగించింది, బుగ్గలు పొంగించింది.

"ఒప్ప!"

"సగం వచ్చింది!" అని అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు.

పోచమ్మ అప్పటికే ఏడుస్తోంది, నవ్వుతోంది. "సగం కాదు సారు, పూరా చెప్పింది. ఒప్ప అంటే ఒప్పుకోనని! నా బిడ్డ వద్దంటున్నది!"

మళ్లీ అడిగాడు. బాలమణి కాలు నేలకేసి కొట్టి మరీ, "ఒప్ప!" అంది. సందేహం లేదు. స్వయంగా, నోటిమాటగా, స్పష్టంగా. పట్టాభిరామయ్య ఫైలు తెరిచి రాశాడు: "రోగి నిరాకరించినది."

నిరాకరించింది గనక వైద్యం లేదు. సన్నాహానికి మాత్రం గడువేమీ రాసిలేదు. అలా సన్నాహంలోనే బాలమణి అమ్మ, నీళ్లు, బువ్వ, మేక అనడం నేర్చుకుంది.

జనవరిలో జీపులో పై అధికారి సోమేశ్వరరావు ఫోటోగ్రాఫర్‌ని వెంటేసుకుని దిగాడు. పట్నంలో ప్రదర్శన పెడుతున్నారట. మూగపిల్ల మాట్లాడిందని విన్నారట. పిల్ల ఫోటో, పేరు, ఊరు, జబ్బు వివరం పెద్దక్షరాలతో అట్టమీద రాయించి నిలబెడతారట. పోచమ్మ రాళ్లపనికి వెళ్లింది. బాలమణి వసారాలో ఉంది.

"సమ్మతి కావాలండి" అన్నాడు పట్టాభిరామయ్య.

"ఎవరిదయ్యా?"

"రోగిదండి. మీరు పంపిన సర్క్యులరేనండి."

సోమేశ్వరరావు నవ్వి, పిల్ల చేతిలో పిప్పరమెంటు పెట్టి, "ఫోటో తీయమంటావా పాపా?" అన్నాడు. బాలమణి పిప్పరమెంటు నోట్లో వేసుకుంది. తీరిగ్గా, "ఒప్ప" అంది.

"చూశావా, ఒప్పుకుంది!"

"లేదండి. ఒప్పనంటోంది. ఈ ఊళ్లో దానర్థం అదేనండి."

"నీకెలా తెలుసు?"

"రికార్డులో ఉందండి."

"ఏదీ, ఆ రికార్డు తియ్యి."

"తియ్యాలంటే కూడా ఆ పిల్ల ఒప్పుకోవాలండి."

ఫోటోగ్రాఫర్ ముఖం తిప్పుకుని దగ్గాడు. సోమేశ్వరరావు ముఖం కందగడ్డయింది. తాళంచెవులు ఇమ్మని చెయ్యి చాపాడు. పట్టాభిరామయ్య ఒకడుగు వెనక్కి వేశాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో పై అధికారికి ఎదురు చెప్పిన మనిషి కాదు. మొలతాడున ఉన్న చెవులగుత్తిని గట్టిగా పట్టుకుని, "క్షమించండి" అన్నాడు. ఆ చాపిన చెయ్యి ఖాళీగానే వెనక్కి వెళ్లింది. చివరికి జీపు వెళ్లిపోయింది.

పదిహేను రోజుల్లో నల్లగొండ వైపు ఒక పశువుల ఆస్పత్రికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. రోగులతో మాట్లాడే పని ఉండకూడదనే అక్కడ వేసి ఉంటారు. పట్టాభిరామయ్య రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. గేదెల రికార్డులు కూడా పేర్లు లేకుండానే రాశాడని చెప్పుకుంటారు.

వెళ్లిన మరుసటేడు పుణ్యవతి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "మన చివరి పిల్ల బడిలో చేరింది. మాస్టారు పేరడిగితే తనే చెప్పింది." అంతే రాశారు. పట్టాభిరామయ్య రెండుసార్లు చదివి, కార్డు మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, కంచం ముందు కూర్చున్నాడు. ఆ పూట మారు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.