అప్పజెప్పిన ప్రోగ్రాము

వాగ్దేవికి నమస్కరించి వ్రాస్తున్నాను. అది క్రోధి నామ సంవత్సర కార్తీక శుద్ధ పంచమి. పదవీ విరమణ చేసిన గణితోపాధ్యాయుణ్ణి. ఆళ్లగడ్డ నుండి బస్సులో వచ్చి, నంద్యాలలో ఒక అద్దెగదిలో కలన గణితమూ, ఆ లెక్కలను కంప్యూటరుచేత చేయించే ప్రోగ్రామింగూ నేర్పేవాణ్ణి. సూత్రాలు వ్రాసి చేతికిచ్చే చోటికి తక్కినవారు తరలిపోగా ఒక్క విద్యార్థిని మిగిలింది. ఇంట పలుకరించే మనిషి లేని నాకు ఆ గంటసేపే సంభాషణ.

ఆనాడు ఆమె వక్రరేఖ వాలును కనుగొనే ప్రోగ్రామును కామాలతో సహా చూడకుండా అప్పజెప్పింది. నేను బోర్డుమీది సమీకరణంలో x వర్గాన్ని x ఘనంగా మార్చి, "ఇప్పుడు ప్రోగ్రాములో ఏమి మారుతుందమ్మా?" అన్నాను.

"మారిస్తే ఎట్ల సార్? నేను నేర్చుకునింది దీన్నే కదా!"

"అర్థం తెలియవద్దూ?"

"పరీక్షలో అర్థం యాడ అడుగుతాండారు సార్? చిన్నప్పుడు మీరు శ్లోకాలన్నీ అర్థమయ్యే నేర్చినారా ఏందీ?"

నిజమే. వాటి అర్థం నాకు నలభయ్యో యేటగాని తట్టలేదు. ఆ మాట ఒప్పుకొని ఉంటే ఆమె నవ్వి, మరునాడూ వచ్చేదేమో. నేను పంతానికి పోయి, "అర్థం కావాలనిపించిననాడే రా" అన్నాను.

"సరే సార్" అని నోటుపుస్తకం సంచిలో పెట్టుకొని మెట్లు దిగిపోయింది.

పూర్ణిమ వరకు ప్రతిదినమూ వచ్చి కూర్చున్నాను. కార్తీక బహుళ పాడ్యమినాడు గది ఖాళీ చేశాను.