స్వామి వెనక అంకె

అడగకుండానే ఊపిరినీ, అడిగితే మాటనూ ఇచ్చే శ్రీమన్నారాయణుడికి ముందుగా నా నమస్కారం. ఆయన ఎక్కడ లేడో చెప్పమంటే మా భక్తుల గోష్ఠిలో ఎవ్వరూ చెప్పలేరు. గుడిలో ఉన్నాడు, గుండెలో ఉన్నాడు, కారులో అంకెలు చూపించే తెర ముందు బెత్తెడు ఇత్తడి విగ్రహంలోనూ ఉన్నాడు. ఆ మూడో చోట కూర్చుని ఆయన చేసిన ఉపకారాన్ని రాయబోతున్నాను గనుక, ఆయన్ని తలుచుకున్నాకే కలం పట్టాను.

మా అక్కయ్య, బావగారు రేపల్లెలో ఉంటారు. నేను తెనాలిలో ఉంటాను. అక్కయ్యా నేనూ పుట్టి పెరిగింది మాత్రం బాపట్ల. బావగారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడికి వెళ్లి, గోష్ఠిలో ముందు వరసలో నిలబడి గొంతెత్తే మనిషి. అటువంటి ఆయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. కాలు కొన్నాళ్లకు దారికొచ్చింది. మాట రాలేదు.

ఎదుటివాళ్లు చెప్పేదంతా ఆయనకు అర్థమయ్యేది. పేపరు చదివేవారు. తిరిగి ఏదైనా అనబోతే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. చిత్రం ఏమిటంటే, పూజ దగ్గర అక్కయ్య ‘కేశవ’ అని మొదలుపెడితే చాలు, నారాయణ, మాధవ, గోవింద అంటూ తడబడకుండా చివరిదాకా చెప్పుకుపోయేవారు. దాహం వేస్తే మాత్రం ‘నీళ్లు’ అనలేకపోయేవారు. తెనాలిలో మాట నేర్పే డాక్టరమ్మ దగ్గరికి వారం వారం తీసుకొచ్చేవాళ్లం. ఆవిడ ప్రతిసారీ ఒకటే చెప్పేది. కంఠస్థమైనవి వాటంతట అవే వస్తాయి, అది మంచిదే. కానీ ఎవరూ అందించకుండా, తనకు తానుగా, అవసరం పడి ఆయన ఒక్క మాట అనాలి. అది వస్తే మిగతావి దాని వెనకే కదులుతాయి. ఆ ఒక్క మాట కోసం మేమందరం ఎదురుచూస్తూ ఉండేవాళ్లం.

మొదట్లో అద్దె కారులో వచ్చేవాళ్లు. ఆ డ్రైవర్లలో సగం మంది బావగారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లే. వాళ్ల ఎదుట నోరు తెరిచి తడబడటం ఆయనకు చిన్నతనంగా ఉండేది. రేపల్లెలో కారెక్కిన దగ్గర్నుంచి తెనాలిలో దిగేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చునేవారు. అప్పుడు మా అక్కయ్య, అరవై దాటిన మనిషి, డ్రైవింగు నేర్చుకుంటానంది. మా ఇంట్లో ఆడవాళ్లు సైకిలు కూడా తొక్కి ఎరగరు. గేర్లు ఉండవని ఎలక్ట్రిక్ కారు కొన్నారు. వేసవి సెలవుల్లో బావగారి స్కూలు గ్రౌండులో నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి వచ్చి నా వాకిట్లో కారాపిన రోజున నేను ఆవిడకు నిజంగానే చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఇంజను చప్పుడు లేని కారు అది. ఇద్దరే ఉంటారు. ఆవిడ నామాలు అందిస్తుంటే ఆయన గొంతు కలిపేవారు. పరాయివాళ్లెవరూ వినరు.

కారు కొన్న వారంలోనే బాపట్ల తీసుకెళ్లి మా కుటుంబం ఎరిగిన అర్చకుడి చేత పూజ చేయించారు. ఆయనే వేంకటేశ్వరస్వామి విగ్రహాన్ని, వెనక మకరతోరణంతో సహా, తెర ముందు జిగురుతో నిలబెట్టి అక్షతలు వేశాడు. ఆ కారులో స్టీరింగు వెనక మీటర్లేమీ లేవు. వేగమైనా, ఛార్జింగైనా మధ్యలో ఉన్న ఆ తెర మీదే కనిపించాలి. అప్పట్లో ఛార్జింగు అంకె తెరకు పైభాగాన పెద్దదిగా ఉండేది గనుక స్వామి దేనికీ అడ్డం కాలేదు.

మొన్నటి వానాకాలంలో ఆ కార్లన్నిటికీ కొత్త అప్‌డేట్ వచ్చింది. పడుకుని లేచేసరికి వాకిట్లో ఉన్న బండి కొత్త విద్య నేర్చుకుని కూర్చోవడం నాకైతే ఇప్పటికీ అబ్బురమే. మా మూడు ఊళ్లలో ఆ కారున్నవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. అక్కయ్య తనకు టైపు చేయడం చేతకాదని నన్నందులో చేర్పించింది. ఆ ఉదయమంతా నా ఫోను మోగుతూనే ఉంది. అక్షరాలు చిన్నవయ్యాయని ఒకరు, రంగులు బాగాలేవని ఒకరు, ఏసీ మీట ఎక్కడికి పోయిందని ఇంకొకరు. పెనుమూడి రైతు ఒకాయన, ఊరెళ్లి వచ్చేసరికి తోడికోడలు వంటింట్లో డబ్బాలన్నీ సర్దేసినట్టుందని పెట్టాడు. వడ్లమూడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఆయన మాత్రం ఓపిగ్గా ఒక్కొక్కటీ వివరించాడు. బ్రేకు మెత్తబడిందట, దారి చూపించే పటం స్పష్టంగా వస్తోందట, కారెక్కకముందే ఫోనులోంచి ఏసీ వేసుకోవచ్చట. ఇన్ని మంచి మార్పులు ఊరికే ఇచ్చారు, నాలుగు రోజులు ఓపిక పట్టండి అన్నాడు. సగం మంది సాయంత్రానికే మెత్తబడ్డారు. పెనుమూడి ఆయన ఒప్పుకోలేదు. ఓపిక తనకుందనీ, కళ్లజోడుకే లేదనీ రాశాడు.

అంతలో అక్కయ్య ఫోను చేసింది.

“ఏరా, ఈ బండి ఛార్జింగు చూపించటం మానేసింది.”

“మానెయ్యదక్కా. చోటు మార్చారు. తెరకి కింద చూడు.”

“కింద స్వామి ఉన్నాడు.”

“ఆయన వెనక?”

“ఆయన వెనక ఏముందో నాకెలా తెలుస్తుందిరా?”

సంగతి అదీ. అంకె జరిగి సరిగ్గా ఆవిడ చూపుకు స్వామి అడ్డం వచ్చే చోటికి వెళ్లింది. దారం పెట్టి కోస్తే జిగురు ఊడొస్తుందనీ, విగ్రహాన్ని కాస్త పక్కన పెట్టుకోమనీ చెప్పాను. ఆవిడకు కోపం వచ్చింది. “ఎవరో అంకె జరిపారని దేవుణ్ణి జరపమంటావేంట్రా? ముందొచ్చింది ఎవరు?” అంది. పూజ చేసి నిలబెట్టిన మూర్తిని తన చేత్తో కదిలించనంటే కదిలించనంది. ఆగమశాస్త్రం ఎరిగిన ఇంట్లో పెరిగినవాణ్ణి నేను. ఆ మాట నాకూ సబబే అనిపించింది.

గుంటూరులో ఉన్న మా మేనకోడలికి ఈ సంగతి తెలిసింది. ఆ కారు ఛార్జింగు ఎంతుందో తన ఫోనులో ఆ పిల్లకు కనిపిస్తుంది. అమ్మ ముందుకు వంగి విగ్రహం వెనక తొంగి చూస్తూ నడుపుతోందని విని హడలిపోయింది. “మామయ్యా, మీరైనా చెప్పండి. విగ్రహం తీయించండి, లేకపోతే అమ్మ చేత కారు మాన్పించండి. నేను అద్దె కారు మాట్లాడతాను” అంది. ఆ పిల్ల భయంలో తప్పేమీ లేదు. కానీ అద్దె కారంటే బావగారు మళ్లీ నోరు మూసుకుంటారు. డాక్టరమ్మ చెప్పిన ఆ ఒక్క మాట ఇక వచ్చేది లేదు. ఆ భయం అక్కయ్యకూ ఉంది. అందుకే ఒక మెట్టు దిగి, బాపట్ల వెళ్లి అర్చకుణ్ణే అడుగుతాను, ఆయన తీయమంటే తీస్తాను, తీయకూడదంటే కారే మానేస్తాను అంది.

ఆ ఏకాదశికి నేను రైల్లో రేపల్లె వెళ్లి వాళ్లతో కలిసి బయల్దేరాను. ముందురోజు కరెంటు పోయి వస్తూ ఉండటంతో ఛార్జింగు సరిగ్గా ఎక్కలేదు. ఎంత ఎక్కిందో అక్కయ్య చూసుకోలేదు. నేను వెనక సీట్లో ఆవిడ వెనకే కూర్చున్నాను. బావగారు ముందు, ఎడమ పక్కన. చెరుకుపల్లి దాటేదాకా ఆవిడ నిబ్బరంగానే నడిపింది. తర్వాత అనుమానం మొదలైంది. స్టీరింగు వదలకుండా ఎడమకు ఒరిగి తొంగి చూడబోయింది. కారు రోడ్డు అంచుకు జరిగింది. ఎదురుగా వస్తున్న ట్రాక్టరువాడు గట్టిగా హారన్ కొట్టాడు. ఆవిడ సర్దుకుని రోడ్డు మీదకి వచ్చింది. కాసేపటికి మళ్లీ ఒరగబోయింది. నాకు నామస్మరణ తప్ప ఇంకేమీ తోచలేదు.

అప్పుడు బావగారు ఎడమచెయ్యి పైకెత్తి ఆవిణ్ణి ఆగమన్నట్టు చూపించారు. పెదవులు కదిపారు. ఒకసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి అన్నారు.

“నలభై... రెండు.”

ఆయన ఏదో లెక్క గుర్తు చేసుకుంటున్నారనుకుంది అక్కయ్య. “ఏంటండీ నలభై రెండు?” అంది. ఆయన విసుగ్గా తెరవైపు వేలు చూపించారు. నేను వెనక సీట్లో ఎడమకు జరిగి, ఆయన భుజం మీంచి వంగి చూశాను. అటునుంచి స్వామి ఏమాత్రం అడ్డం లేడు. తోరణానికి అవతల తెర మీద నలభై రెండు శాతం అని నిక్షేపంగా కనిపిస్తోంది. అప్‌డేట్ వచ్చిన నాటినుంచీ ఆ అంకె ఆయన కళ్ల ముందే ఉంది. ఆవిడ పడే అవస్థ చూస్తూ, చెప్పాలని ప్రయత్నిస్తూ, చెప్పలేక కూర్చున్నారన్నమాట.

అక్కయ్య కారును పక్కకు తీసి ఆపింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని కారు కదిలించింది. కొంతదూరం పోయాక మామూలు గొంతుతో, “ఇప్పుడెంతండీ?” అంది. ఆయన “ఇరవై” అన్నారు. వెంటనే తల అడ్డంగా ఊపి, ఆ మాటను చేత్తో చెరిపేసినట్టు చేసి, కష్టపడి “నలభై” అన్నారు. తప్పు లెక్క వేసిన పిల్లవాడి మీద విసుక్కున్నట్టు తన మీద తానే విసుక్కున్నారు. ఆ ముఖం చూసి అక్కయ్య నవ్వింది. ఆయనా నవ్వారు.

బాపట్లలో అర్చకుడు మధ్యాహ్నపు ఆరగింపు ముగించి తీరుబడిగా ఉన్నాడు. అక్కయ్య సంగతంతా చెప్పింది. ఆయన ఆలోచించనైనా లేదు.

“అమ్మా, గర్భగుడిలో మూలవరుల్ని కదపకూడదు. ఉత్సవమూర్తి కదలటానికే ఉన్నాడు. రేపల్లెకీ తెనాలికీ వారం వారం తిరిగే స్వామి ఏ మూర్తి అంటావు?”

“ఉత్సవమూర్తేనండి.”

“మరింకేం. ఒక తులసిదళం పెట్టి, మన్నించమని అడిగి, కాస్త పక్కకు జరుపుకో. నేనొచ్చి జరపమన్నా జరుపుతాను.”

ఇంత శాస్త్రబద్ధంగా, ఇంత తేలిగ్గా చిక్కు విడిపోయినందుకు నేను సంతోషంతో లేవబోయాను. అక్కయ్య కూర్చునే ఉంది.

“వద్దండి. జరపను.”

“అదేంటమ్మా? అడగటానికేగా ఇంతదూరం వచ్చావు?”

“ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు అడగాలనే వచ్చానండి. దారిలో ఈయన చెప్పారు, నలభై రెండని. స్వామి పక్కకు తప్పుకుంటే అంకె నాకే కనిపిస్తుంది. నాకు కనిపిస్తే ఇంక ఈయన నాకెందుకు చెబుతారు?”

అర్చకుడు బావగారి వైపు చూశాడు. ధనుర్మాసాల్లో ఎప్పుడైనా బాపట్ల వస్తే తన పక్కన నిలబడి గొంతు కలిపిన మనిషిని ఆయన ఎరుగును. “అయితే ఆయన్ని అక్కడే ఉండనీ తల్లీ” అని లేచి, శఠగోపం తెచ్చి ముందు బావగారి తల మీద పెట్టాడు.

మా గోష్ఠిలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. భగవంతుడు అడ్డు పెట్టేది కూడా అనుగ్రహమేనని పెద్దలు చెబుతుంటే తల ఊపుతూ కూర్చున్నవాణ్ణే. ఆ మాటను అంత త్వరగా అర్థం చేసుకుని, అంత త్వరగా దాన్నిబట్టి నడుచుకున్న మనిషిని మా అక్కయ్యనే చూశాను. పైగా తనేదో గొప్ప నిర్ణయం తీసుకున్నానన్న ధ్యాసే లేదు. ప్రసాదం దొన్నె చేతికి తీసుకుని, ఇప్పుడు తమ్ముణ్ణి తెనాలిలో దింపి మనం రేపల్లె వెళ్లాలి కదా, ఛార్జింగు సరిపోతుందా అని తనలో తాను అనుకుంటూ కారెక్కింది.

బావగారు తెర వైపు చూశారు. బాపట్ల నుంచి తెనాలి, తెనాలి నుంచి రేపల్లె. లెక్కల మేష్టారు కళ్లు చిట్లించారు. ఎవరూ ఆయన్ని అడగలేదు. అంకె కూడా చెప్పలేదు ఆయన.

“చాలదు” అన్నారు.

అక్కయ్య తాళం తిప్పబోయే మనిషిలా చెయ్యి గాల్లో ఆపేసింది. ఆ మాట తెర మీద లేదు. ఎక్కడా రాసి లేదు. ఏ నామాల్లోనూ కంఠస్థం చేసింది కాదు. ఆయన లోపల ఆలోచించి తేల్చిన మాట అది. అక్కయ్య ఎంతో మామూలుగా, “అవునండి, మీరన్నది నిజమే” అని, ఊరి బయట ఛార్జింగు పెట్టే చోటికి కారు పోనిచ్చింది. అక్కడ ముగ్గురం నీడన కూర్చున్నాం. నేను మేనకోడలికి ఫోను చేసి ఆ ఒక్క మాటా చెప్పాను. ఆ పిల్ల ఇంకోసారి చెప్పమంది.

ఇప్పుడు కారు మాన్పించే ప్రస్తావన లేదు. అయితే మేనకోడలు ఒక షరతు పెట్టింది. కారు కదిలేముందు తను ఫోను చేస్తుంది. “నాన్నా, ఎంత?” అని అడుగుతుంది. ఆయన చెప్పిన అంకె తన ఫోనులో ఉన్నదానితో సరిపోతేనే బయల్దేరాలి. ఒక్కోరోజు మూడు తప్పులు చెప్పాక గానీ సరైనది రాదు. వచ్చేదాకా అక్కయ్య కారు తియ్యదు, అందించదు, తొందరపెట్టదు. దారిలో తొంగి చూడటం పూర్తిగా మానేసింది. అంకెల వెనకే మరికొన్ని మాటలు వచ్చాయి. ‘ఆపు’ అంటున్నారు. ‘ఎండ’ అంటున్నారు. మొన్న మా ఇంట్లో మా ఆవిడ కాఫీ ఇస్తే ఒక గుక్క తాగి ‘చక్కెర’ అన్నారు. డాక్టరమ్మ తన గదిలో ఆయన చేత పలికించినవాటికన్నా కారులో వచ్చినవే ఎక్కువని ఆవిడే ఒప్పుకుంది.

ఈమధ్య గ్రూపులో ఇంకో కబురు తిరుగుతోంది. అందరూ అంతగా అడిగారు గనుక ఛార్జింగు అంకెను మళ్లీ పైకి తెచ్చి, పెద్దది చేసి చూపిస్తారట. పెనుమూడి ఆయన అయితే ఆ రోజున గ్రూపులో అందరికీ పూతరేకులు పంచుతానన్నాడు. ఆయన కళ్లజోడు బాధ నాకు తెలుసు. ఆయన కోరిక తీరకూడదని నేను కోరుకోలేను. అలాగని మా బావగారి పని ఊడిపోవాలనీ కోరుకోలేను.

అందుకని రోజూ దీపం పెట్టాక నేను స్వామిని అడిగేది ఇంతే. ఆ అప్‌డేట్ రానీ, కాస్త ఆలస్యంగా రానీ. అది వచ్చేనాటికి మా బావగారికి చెప్పడానికి ఛార్జింగు కాక ఇంకా ఎన్నో ఉండాలి. ఇది చదువుతున్న మీరు ఏ ఊళ్లో ఉన్నా సరే, ఏ పేరుతో ఆయన్ని పిలిచినా సరే, ఒక్క క్షణం కళ్లు మూసుకుని నాతోపాటు అడగండి. మాట కోసం తడుముకుంటున్న ప్రతి మనిషి పక్కనా ఓపిగ్గా వినే మనిషి ఒకరు ఉండాలని కూడా అడగండి.