ఆరో కిలోమీటరు

స్కూల్లో ఆమెను గూడ్సు బండి అనేవాళ్ళు. ఆలస్యంగా వచ్చినా, వెనక బెంచీలో ఎవరు నవ్వినా డ్రిల్లు మాస్టారి దగ్గర శిక్ష ఒకటే: గ్రౌండు చుట్టూ పది రౌండ్లు. అందరూ ముగించి, నీళ్ళు తాగి, క్లాసుల్లోకి వెళ్ళిపోయాక కూడా ఆమె ఒక్కతే ఏడో రౌండులో ఉండేది. కిటికీల్లోంచి తలకాయలు బయటపెట్టి "కూ..." అని కూతపెట్టేవాళ్ళు. బస్సు తప్పిపోయినా సరే, జన్మలో పరుగెత్తకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుంది.

ఆ ఒట్టు ముప్పై ఏళ్ళు నిలబెట్టుకుంది. పెళ్ళయింది, ఆడపిల్ల పుట్టింది, మార్కెట్ వెనక సందులో మెట్ల కింది గదిలో కుట్టు మిషన్ పెట్టుకుంది. కొత్త బట్టలు కుట్టదు. జిప్పులు మార్చడం, నడుములు వదులు చెయ్యడం, అరిగిపోయిన కాలర్ విప్పి తిరగేసి కుట్టడం, ఇవే ఆమె పనులు. కాలర్ తిరగెయ్యడంలో అందెవేసిన చెయ్యి. ఆమె చేతిలో పడ్డ చొక్కా ఇంకో మూడేళ్ళు మర్యాదగా తిరుగుతుంది. భర్త కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, వారంలో మూడు రాత్రులు డ్యూటీ. స్కూల్లో పెట్టిన ఆ పేరు ఎవరు చేరవేశారో గానీ, పెళ్ళయిన కొత్తలోనే ఆయన చెవిన పడింది. "ఏమే గూడ్సు బండీ, కాఫీ ఇవాళే వస్తుందా?" అనేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే అదో గొడవ.

నలభై మూడో ఏట రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "షుగరు గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. లోపలికి పిలుస్తావా, పంపేస్తావా?"

"మందులు రాయండి డాక్టరుగారూ."

"ముందు కాళ్ళకి పని చెప్పు, రోజూ పొద్దున్నే పరుగెత్తు. తర్వాత చూద్దాం."

ఇంట్లో చెబితే భర్త పగలబడి నవ్వాడు. "నువ్వా? పరుగా? కాలవ వంతెన దాకా పరుగెత్తు చూద్దాం, మీసం తీసేస్తా." అత్తగారు వంటింట్లోంచే, "ఈ వయసులో పరుగులేమిటి, నలుగురూ నవ్వడానికి కాకపోతే" అంది.

మొదటి నెల నరకమే. కరెంటు స్తంభం నుంచి స్తంభం దాకా పరుగు, మళ్ళీ రెండు స్తంభాల నడక. డొక్కలో పోటు, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు ఊపిరి. ఎదురుగా ఎవరైనా వస్తే చెప్పు తెగినట్టు నటించి వంగేది. తీరా చూస్తే కాళ్ళకున్నవి బూట్లు. రోజూ తిట్టుకుంటూనే బయల్దేరేది, డాక్టరమ్మని, డ్రిల్లు మాస్టారిని, తనని.

మూడో నెలలో ఒక తెల్లవారుజామున, కాలవగట్టు మీద, డొక్కలో పోటు రాలేదు. వస్తుందేమోనని భయంభయంగానే ఇంకో స్తంభం, ఇంకో స్తంభం దాటింది. పొడుగు కుట్టు వేస్తున్నప్పుడు ఒక చోటికొచ్చేసరికి మిషన్ దానంతటదే నడుస్తున్నట్టు, కాళ్ళు తొక్కుతున్న సంగతే మర్చిపోయినట్టు ఉంటుంది చూడండి, అలా అయిపోయింది. ఇరవై ఏళ్ళు మిషన్ తొక్కిన కాళ్ళవి. వాటికి వేగం రాదు గానీ అలుపూ తెలీదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. వంతెన మీద నిలబడి నీళ్ళలోకి చూస్తూ గట్టిగా నవ్వింది. మీసం సంగతి గుర్తుచేస్తే భర్త, "ఏదో మాటవరసకన్నాను" అని పేపరు తిప్పాడు.

అక్కణ్ణించి పరుగు ఆమెకి వ్యసనమైంది. వంతెన దాటింది. అవతల మూతపడ్డ మిల్లు తాలూకు పాత క్వార్టర్స్. లారీలు రావు, కుక్కలు తక్కువ. ఆరో కిలోమీటరు దగ్గర ఒక ఇంటి ముందు ముప్పై ఏళ్ళ మనిషి పగిలిన బకెట్లలో పెంచుకున్న మొక్కలకు నీళ్ళు పోస్తుండేది. మొదట ఊరికే చూసేది. తర్వాత నవ్వింది. తర్వాత గేటు దగ్గరికొచ్చి, "ఇంకొంచెమే అక్కా, ఆ మలుపు దాకా!" అని అరిచేది. "ఇవాళ రెండు నిమిషాలు ముందే వచ్చారే!"

పరుగెడుతుంటే "ఇంకొంచెం" అన్న మనిషి ఆమె జీవితంలో అదే మొదలు. ఆ మాట కోసమే కొన్ని రోజులు లేచేది.

వేసవిలో ఒక పొద్దున దాహమేసి ఆగింది. ఆ పిల్ల సంబరపడిపోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. తాగుతూ తల ఎత్తేసరికి దండెం మీద నీలం గళ్ళ చొక్కా. కాలర్ తిరగేసి కుట్టినది. కాలర్ లోపలి పట్టీకి గుడ్డ చాలక వేసిన అతుకు బూడిద రంగుది, తన కూతురి పాత యూనిఫాంలోంచి కత్తిరించిన ముక్క.

చెంబు ఖాళీ అయ్యేదాకా తాగింది.

"ఎవరిదమ్మా ఆ చొక్కా?"

"మా ఆయనదక్కా. నైట్ డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే పడుకున్నారు."

"కాలరు బాగా కుట్టారు."

"కదా! ఎవరో ఉన్నార్ట, పాతదాన్ని కొత్తది చేసేస్తారట. నాకు చూపించమంటే చూపించరు."

చెంబు చేతికిచ్చి, "వస్తానమ్మా" అంది. ఇంటిదాకా ఆ ఆరు కిలోమీటర్లూ ఎప్పుడూ పరుగెత్తనంత వేగంగా పరుగెత్తింది. ఏడవలేదు. ఏడిస్తే ఊపిరి అందదు, అంత దూరం పరుగెత్తినవాళ్ళకి ఆ లెక్క తెలుస్తుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన భర్తని ఆ చొక్కా సంగతి అడిగింది. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణమే విరుచుకుపడ్డాడు. "అదా సంగతి! పరుగని పేరు పెట్టి నా వెనకాల తిరుగుతున్నావా? ఎన్నాళ్ళనుంచి సాగుతోంది ఇది?"

"నేనడగాల్సిన మాట అది."

"నీలాంటి అనుమానం మనిషితో ఎవడు కాపురం చేస్తాడే?"

నాలుగు రోజుల్లో బట్టలు సర్దుకుని వంతెన అవతలికి పోయాడు. కొడుకు వెంట అత్తగారు మాత్రం వెళ్ళలేదు. అక్కడ ఉన్నది ఒక్కటే గదట. ఇక్కడే ఉండి రోజుకొకసారి, "ఇంటిపట్టున పడుంటే ఇంత జరిగేదా" అంటూ ఆమె పెట్టిన అన్నమే తింటుంది. వాటన్నిటినీ ఆమె లెక్కచెయ్యలేదు. కానీ ఒకనాడు పదిహేడేళ్ళ కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండా, "వేరే దారిన వెళ్ళుండొచ్చు కదమ్మా. మనకి తెలిసేది కాదు" అంది.

రెండు వారాలు బూట్లు ముట్టుకోలేదు. మిషన్ దగ్గర కూర్చుంటే సూది వేలిలో దిగేది. మూడో వారం కాళ్ళు ఆగలేదు. మెయిన్ రోడ్డున ప్రయత్నిస్తే లారీల దుమ్ము, డ్రైవర్ల వెకిలి కూతలు. ఊళ్ళో పరుగెత్తగలిగింది వంతెన దారి ఒక్కటే. ఇష్టపడ్డదీ అదే. భర్తని వదిలేసుకుంది గానీ, దారిని కూడా వాళ్ళకి వదిలెయ్యడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు ఆదివారాలు పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్తుంది. పరుగు నిన్ను నిలబెట్టిందమ్మా అని షాపుకొచ్చినవాళ్ళు అంటుంటారు. అదేం పట్టుకుపోయిందో మీకు తెలీదు అనాలనిపిస్తుంది. ఆరో కిలోమీటరు దగ్గర బూట్ల చప్పుడు వినగానే ఆ పిల్ల నీళ్ళ పైపు అలాగే వదిలేసి లోపలికెళ్ళి తలుపేసుకుంటుంది. బకెట్ల మధ్య నీళ్ళు వృథాగా పోతుంటాయి. భర్త కనబడినా ఆమెకేం పట్టదు. ఆ తలుపు చప్పుడుకే, ఏ రోజుకారోజు, అడుగు తడబడుతుంది.