డోరా పెద్దమ్మ ముఖం

తిరుమలగిరిలో పుస్తకాలకు బొమ్మలు వేసి బతికే సైలస్, ప్రతి శనివారం పెన్సిలు చెక్కి చెవిమీద పెట్టుకొని, తన తాజా బొమ్మలనూ, వాటికి ప్రేరణ అయినవారినీ, రాబోయే పనులనూ ఫోనులో లోకానికి నివేదించుకొంటాడు. ఆ వారం పిల్లల కథలోని మంత్రగత్తె బొమ్మ పెట్టి, కింద "ప్రేరణ: మా డోరా పెద్దమ్మ" అని రాశాడు. పుస్తకంలో తాను రాజుగారి తల్లినవుతానని నమ్మిన ఆమె, ఆ బొమ్మకోసం అంతకుముందు పట్టుచీర కట్టుకొని మూడు సాయంత్రాలు అతని ముందు కదలక కూర్చున్నది. ఆదివారం చర్చి ఆవరణలో పిల్లలు ఆమెను చుట్టుముట్టి, "అమ్మమ్మా, మమ్మల్ని కప్పల్ని జెయ్యకు!" అని అరిచారు. "గిదేందిరా సైలసూ? రాజు తల్లినైతనని సంఘమంతా చెప్పుకున్న గదరా!" అన్నదామె. గడ్డం వణికింది, కన్నీరు ముడతల్లోకి జారింది. సైలస్ చెయ్యి చెవిమీది పెన్సిలును అందుకొన్నది. "పెద్దమ్మా, జెర గట్లనే ఉండు" అన్నాడు. మరుసటి శనివారం, రాబోయే పనుల్లో ఏడ్చే ముసలమ్మ చేరింది. ప్రేరణ పేరు మార్చవలసిన అవసరం కలగలేదు.