మా అత్త పారిపోయి రాలేదు

పోయిన నెల ఒక బుధవారం పొద్దున మా మేనత్త పోయింది. టీ పెట్టుకుందామని లేచి, పొయ్యి ముట్టించకముందే గోడకు ఆనుకుని కూర్చుండిపోయిందట. పక్కింటామె పిలిస్తే పలకలేదు. ధర్మవరం బస్టాండు దగ్గర నాకొక నెట్ సెంటర్ ఉంది. దాని తాళం తీస్తూ ఉండగా ఫోను వచ్చింది. తీసిన తాళం మళ్లీ వేసి పరుగెత్తాను.

బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ వార్త పెట్టింది నేనే. అయిదు నిమిషాల్లో దండాల బొమ్మలు వరుస కట్టాయి. ఆమె బతికుండగా ఒక్కసారి గడప తొక్కని వాళ్లు కూడా 'ఓం శాంతి' అన్నారు. సరే, అందరూ చేసేదే కదా అనుకున్నాను. అప్పుడు మా వాళ్లలో ఒక పెద్దాయన రాశాడు: 'గల్ఫ్ నుంచి పారిపోయి వచ్చినా, పాపం, చివరిదాకా కష్టపడి బతికింది.' నాకు ఒళ్లు మండిపోయింది. శవం ఇంట్లో ఉండగానే ఆయనకు ఏం జవాబు రాశానో ఇక్కడ రాస్తే ఎవరూ అచ్చు వెయ్యరు. ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. పోనీ. ఈ నాలుగు మాటలు ఆయన చదవాలనే రాస్తున్నాను.

మా అత్త పారిపోయి రాలేదు.

వరసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లవి. శనక్కాయ పంట పోతే మా జిల్లాలో చీర కొనేవాళ్లు ఉండరు. మగ్గాలు మూలపడ్డాయి. మామ అప్పటికే పోయాడు. పదేళ్ల కూతుర్ని మా ఇంట్లో వదిలి ఆమె ఇంటిపనికి గల్ఫ్ పోయింది. ఏ దేశమో రాయను. రాస్తే కోపమంతా ఒక్క దేశం మీదికే పోతుంది. నా కోపం అంత చిన్నది కాదు.

విమానం దిగిన రోజే ఆ ఇంటి యజమాని ఆమె పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకున్నాడు. వీధి తలుపుకు బయట నుంచి తాళం. రెండేళ్లలో ఆ ఊరిని ఆమె కిటికీలోంచి తప్ప చూడలేదు. ఒప్పందం ప్రకారం రెండేళ్లు అయిపోయాయి, ఇంటికి పంపండి అంటే ఇంకో ఏడాది ఉండమన్నారు. గట్టిగా అడిగినందుకు కూతురితో ఫోను మాట్లాడనివ్వడం మానేశారు. ఒక మధ్యాహ్నం గ్యాస్ సిలిండరు కోసం తాళం తీస్తే, తెచ్చినవాడు తలుపు బార్లా తీసిపెట్టి కిందికి పోయాడు. మా అత్త చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. దారిలో కనిపించిన మలయాళీ వాళ్లను అడుగుతూ మన రాయబార కార్యాలయం దాకా పోయింది.

"నేను పారిపోలేదప్పా," అనేది ఎవరు అడిగినా. "నడ్సుకుంటా వచ్చినా. వాకిలి తెరిచి ఉండె. చేతిలో ఉన్న గిన్నె గూడా కడిగి బోర్లించి వచ్చినా. పారిపోయేటోళ్లు గిన్నె కడుగుతారా?"

ఆ యజమాని మాత్రం పనిమనిషి పారిపోయిందని అప్పటికే ఫిర్యాదు ఇచ్చేశాడు. పాస్‌పోర్టు దాచినవాడి మీద కేసు లేదు. మనిషిని లోపల పెట్టి తాళం వేసినవాడి మీద కేసు లేదు. నడిచిన మనిషి మీద కేసు. పది వేళ్ల ముద్రలు తీసుకుని, మళ్లీ ఈ దేశంలో అడుగు పెట్టరాదని చెప్పి విమానం ఎక్కించారు. ఇక్కడికి వస్తే మన వాళ్లు 'పారిపోయి వచ్చింది' అని పేరు పెట్టారు. అక్కడివాడు రాసిన అబద్ధాన్ని ఇక్కడ ఇన్నేళ్లు మోసింది మనమే.

వచ్చాక ఆమె అచ్చు అతికే పనికి కుదిరింది. మగ్గం మీద ఉన్న పడుగు అయిపోవస్తే, కొత్త పడుగులోని ఒక్కో పట్టుపోగును పాత పోగు కొసకు చేర్చి, వేళ్లకు బూడిద అద్దుకుని, పురి తిప్పి అతకాలి. ఒక్క చీర వెడల్పుకు వేల పోగులు. పొద్దున కూర్చుంటే నడుము ఎత్తేది లేదు. ఆ పనికి ఆమె ఎంత అలవాటు పడిందంటే, మా ఇంటికి వచ్చి ఊరికే మాట్లాడుతున్నప్పుడు కూడా బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూనే ఉండేది. నేను ఎవరి మీదైనా చిందులు తొక్కుతుంటే, "తెగిన పోగును తిట్టుకుంటా కూర్చుంటే చీర వస్తాదేమప్పా? అతుకు, ముందుకు పో," అనేది. నాకు ఆ గుణం రాలేదు. తిట్టుకుంటూ కూర్చునే రకం నేను.

ఏళ్ల తరబడి బూడిద, పట్టు రాసి రాసి ఆమె వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. రేషన్ షాపులో ప్రతి నెలా గొడవే. ఒకసారి నేనూ పక్కన ఉన్నాను.

"ఇంకో వేలు పెట్టమ్మా," అన్నాడు డీలరు.

"పదీ పెట్టినా కదప్పా. ఇంగ కాలి వేళ్లు పెట్టల్నా?"

"నువ్వు ఎవరో నాకి తెలీదా? మిషన్ తీసుకోలేదు, నేనేం చేసేది?"

"నీకి తెలుసు కదా, బియ్యం నువ్వు పొయ్యి. మిషన్‌కి నేను చెప్పుకుంటా."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె ఖాళీ సంచితో ఇంటికి వచ్చింది. నా షాపుకు కూడా ఆధార్ వేలిముద్రల కోసం ఇలాంటి వాళ్లు రోజూ వస్తారు. పది పదిహేను రోజులు పని మానుకుని, రాత్రీ పగలూ కొబ్బరినూనె రాసుకుని రమ్మని చెబుతాను. గీతలు మళ్లీ మొలుస్తాయి. ఈ సంగతి నాకు తెలుసు. నేను తినే అన్నం ఆ పని మీదే వస్తుంది.

ఆమె కూతురు, నా మరదలు, పెద్దదైంది. కదిరి వైపు అబ్బాయితో పెళ్లి కుదిరింది. అతడు డ్రైవరుగా పని చేసేది సరిగ్గా ఆ దేశంలోనే. మా అత్త మొదట వద్దనేసింది. మరునాడు మా నాయనతో, "దేశమేం చేసె అన్నా, చేసింది ఆ ఇల్లు," అని ఒప్పుకుంది. మరదలు కాపురానికి పోయింది. ఏడాది తిరక్కుండానే నీళ్లు పోసుకుంది. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకొద్దామని అత్త రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటే, కడుపు నిలవడం కష్టంగా ఉంది, మంచం దిగకూడదు, విమానం మాటే ఎత్తొద్దు అని అక్కడి డాక్టరు చెప్పింది.

"బిడ్డ రాలేకపోతే తల్లి పోవల్ల. నేనే పోతా," అంది అత్త.

"నీ మీద నిషేధం ఉండాది కదత్తా."

"ఎవురి మీద? ఈ వేళ్ల మీదే కదా? ఆ వేళ్లు ఈడ యాడుండాయో చూపించు."

నా ముందు రెండు చేతులూ చాపింది. నున్నగా ఉన్నాయి. నేను నవ్వాను. "మన రేషన్ మిషన్‌కే దొరకని వేళ్లు వాళ్లకేం దొరుకుతాయిలే," అన్నాను. వీధి వీధంతా అదే మాట అంది. ఆపవలసిన మనిషిని నేను. ఆపలేదు.

పాత పాస్‌పోర్టు ఆ ఇంటి బీరువాలోనే ఉండిపోయింది, గడువూ దాటింది. కొత్తదానికి పోతే ఆఫీసులో మిషన్ ఆమె వేళ్లు తీసుకోలేదు. అందరికీ చెప్పినట్టే ఆమెకూ చెప్పాను: పని మానెయ్యి, కొబ్బరినూనె రాసుకో. చెప్పినట్టే చేసింది. ఊరికే కూర్చోలేక శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచి, బెల్లం, నెయ్యి వేసి కూతురికి బాలింత కాయం చేసింది. మూడు వారాలకు ముద్రలు చక్కగా పడ్డాయి. పాస్‌పోర్టు వచ్చింది, వీసా వచ్చింది. మళ్లీ పనికి పోతానంటే నేనే వద్దన్నాను, ప్రయాణం ముందు నడుము ఎందుకు నొప్పి చేసుకుంటావని. ఆ వేళ్లకు నూనె రాయించి, గీతలు మొలిపించి, ఆ దేశం మిషన్ ముందు పెట్టమని పంపింది నేను. రోజూ అదే పని చేసేవాడికి ఆ ముక్క తట్టలేదు! నా మీద నాకున్న కోపం ఈ జన్మకు తీరదు.

అక్కడి విమానాశ్రయంలో వేలు పెట్టగానే మిషన్ పట్టేసుకుంది. పక్కకు రమ్మన్నారు. తీసుకుపోతుంటే ఆమె, విమానంలో తన పక్కన కూర్చున్న కడప వైపు ఆవిడ చేతిలో కాయం డబ్బా పెట్టి, "బయట నా బిడ్డ మొగుడు ఉంటాడు, వానికి ఇయ్యి తల్లీ," అందట. ముక్కూ మొహం తెలియని ఆ మహాతల్లి అతన్ని వెతికి ఇచ్చింది. ఆ మొత్తం వ్యవహారంలో మనిషిలా నడుచుకున్నది ఆవిడ ఒక్కతే. మా అత్తను ఒక గదిలో కూర్చోబెట్టి, మరునాటి విమానంలో వెనక్కి పంపారు. గంట ప్రయాణం దూరంలో కూతురు మంచం మీద ఉంది.

బెంగళూరు విమానాశ్రయంలో నేను తల ఎత్తలేకపోయాను. ఆమే నా దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, ఏడుస్తాండావా? ఆ మిషన్‌కి నేను బాగా తెలుసంట. పేరు, ఊరు, ఏ ఇంట్లో చేసినానో అంతా చెప్పె. మన డీలరుకి చెప్పు, అట్లాంటిది ఒకటి తెచ్చుకోమని."

నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు ఇంత మంట ఉండేది కాదు. పిడికెడు బియ్యం పొయ్యాల్సి వచ్చినప్పుడు గుర్తుపట్టని మిషన్లు, తరిమెయ్యాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణంలో గుర్తుపడతాయి. నా షాపులోనూ అలాంటిదే ఒకటి ఉంది. ఇప్పటికీ దాన్ని చూస్తే పగలగొట్టాలనిపిస్తుంది.

మనవరాలు పుట్టింది. తర్వాత అల్లుడి కంపెనీ మూతపడి వాళ్ల కాగితాలు చిక్కులో పడ్డాయి. బయటికొస్తే మళ్లీ లోపలికి పోలేరు. కూతురు రాలేదు, తల్లి పోలేదు. మూడేళ్లు ఫోనులోనే గడిచాయి.

ఫిర్యాదు చేసినవాళ్లు వెనక్కి తీసుకుంటే నిషేధం పోతుందని అల్లుడికి ఎవరో చెప్పారు. అతడు ఆ ఇంటిని వెతికి పట్టుకున్నాడు. యజమాని చనిపోయాడు. అతని ముసలి భార్య ఉంది. ఆమె ఒకటే అడిగింది: పారిపోయినందుకు క్షమాపణ రాసి ఇవ్వాలి. సంగతి చెప్పగానే మా అత్త నా షాపులోంచి లేచి వెళ్లిపోయింది. మూడు రోజులు నా మొహం చూడలేదు. నాలుగో రోజు తనే వచ్చి కూర్చుంది.

"పైన వాళ్లకి కావాల్సింది వాళ్ల భాషలో వాళ్లను రాసుకోమను. కింద తెలుగులో నేను చెప్పింది నువ్వు రాయి."

నేను రాశాను. 'అమ్మా, నీ ఇంట్లో రెండేండ్లు పని చేసినా. నువ్వు బయట తాళం ఏసినావు. నా బిడ్డతో మాట్లాడనీలేదు. వాకిలి తెరిచి ఉంటే నడ్సుకుంటా వచ్చినా. నీ మనవళ్లు బాగుండారా?'

ఆ చివరి మాట ఎందుకని అడిగాను. "నేను ఎత్తుకుని పెంచినోళ్లే కదప్పా," అంది. వేలిముద్ర వెయ్యనంది. కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. అల్లుడు పైన అరబ్బీలో క్షమాపణ రాయించాడు. కింద ఏముందో ఎవరూ అడగలేదు. తెలుగు చదవగలిగిన వాళ్లు ఉండి ఉంటే ఆమె నిషేధం ఎప్పటికీ పోయేది కాదు. నిజం చెప్పినా కుదిరింది, ఎవరికీ అర్థం కాలేదు గనుక.

పోయిన ఏడాది ఆమె మళ్లీ విమానం ఎక్కింది. ఆ రోజు నేను షాపు తెరవలేదు. సాయంత్రం ఫోను వచ్చింది. "పోనిచ్చినారు," అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నెల ఉండి వచ్చింది. ఎలా ఉన్నారత్తా అంటే, "బాగుండారు," అంది. అంతకు మించి చెప్పలేదు. మరునాడే అచ్చు అతకడానికి పోయింది.

ఆమె పోయాక మరదలు పాపను ఎత్తుకుని వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. కడసారి చూపు కూడా దక్కలేదు. పదకొండో రోజు వచ్చినవాళ్లంతా భోంచేసి వెళ్లాక, మరదలు అత్త గదిలో కూర్చుని, పోయిన ఏడాది అత్త అక్కడ దిగిన మొదటి రోజు సంగతి నాకు చెప్పింది.

విమానాశ్రయం నుంచి నేరుగా ఇంటికి తీసుకుపోయారట. కాఫీ ఇస్తే ముట్టలేదు. మనవరాలిని ఒకసారి ఎత్తుకుని దించి, "నీళ్లు యాడ కాగుతాయి?" అని అడిగింది. సంచిలోంచి నువ్వులనూనె, సున్నిపిండి, సాంబ్రాణి బయటికి తీసింది. కూతురిని బాత్‌రూములో ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, మాడుకు నూనె పెట్టి, వీపూ నడుమూ రుద్దడం మొదలుపెట్టింది.

"అమ్మా, కాన్పయ్యి మూడేండ్లాయె, ఇప్పుడెందుకు ఇదంతా?" అంది మరదలు. అత్త చెంబు ముంచిందట. చెంబు తర్వాత చెంబు వేడినీళ్లు తల మీద, నడుము మీద పోస్తూనే ఉంది. బకెట్టు అయిపోతే మళ్లీ పట్టింది. పాప తలుపు దగ్గర నిలబడి వింతగా చూస్తోంది. మరదలి ఒళ్లంతా ఎర్రబడింది.

"చాలమ్మా, ఇంగ చాలు," అని లేవబోయిందట మరదలు.

అత్త భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"మూడేండ్ల నీళ్లు బాకీ ఉండాయి. కూర్చో."