దొంగ పెట్టిన బువ్వ

మా ఇంట్లో మధ్యాహ్నాలు కండెలు చుట్టే రాట్నాల చప్పుడులోనే గడిచేవి. అది నైజాం కాలం. బడిలో ఉర్దూయే నేర్పేవారు, తెలుగు నాకు ఇంట్లో మా బాపు, అంటే మా నాన్న, నేర్పాడు. ఆయన తెచ్చిన డిటెక్టివ్ నవలను, అవ్వా వాడకట్టు ఆడవాళ్లూ నూలు చుడుతుంటే, నేను పైకి చదివేదాన్ని. కిటికీ ఎండలో నూలు దుమ్ము తేలుతుండేది. చదువుతూ చదువుతూ ఉంటే నా గొంతు నాకే ఎక్కడో దూరం నుంచి వినిపించేది.

నవలలో ఒక పాప తప్పిపోయి పదకొండు రోజులు దొరకదు. ఎత్తుకుపోయింది ఎవరో తెలుసుకోవాలని నాకు ఒకటే ఆత్రం. వినే ఆడవాళ్లకు ఆ ధ్యాసే లేదు. పేజీ తిప్పితే చాలు, అవ్వ రాట్నం ఆపేది.

"గా పిల్ల బువ్వ తిన్నదా?"

"గది రాయలేదవ్వా," అని విసుక్కునేదాన్ని.

"మంచిగ సూడు బిడ్డా. రాయకుండ ఎట్లుంటరు?"

ఒక్కొక్కటిగా రాట్నాలన్నీ ఆగిపోయేవి. ఆ నిశ్శబ్దం భరించలేక ఒకరోజు, అచ్చులో ఉన్నట్టే, లేని వాక్యం చదివాను: "పాపకు దొంగ పెరుగన్నం కలిపి పెట్టాడు." రాట్నాలు మళ్లీ తిరిగాయి. ఇక ఆ రోజు నుంచి పూటపూటకూ పెట్టించాను. చివరికి డిటెక్టివు దొంగను పట్టుకుంటే అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది.

"పాపం, కడుపునిండ పెట్టినోన్నే పట్టుకున్నరు."

ముసలితనంలో ఆ నవల మళ్లీ నా చేతికి దొరికింది. దొంగ ఎవరో నాకు గుర్తే. అయినా ప్రతి పేజీ వెతికాను. పదకొండు రోజులూ ఆ పిల్లకు ఎవరూ ఏమీ పెట్టలేదు.