ఏటి నడుమ పులి, పంతులు వ్యాసం

బస్తర్ సంస్థానం మొత్తం మీద పులిని నడి ఏట్లో నిలబెట్టి, దాని చేత పరీక్ష పాసు చేయించుకుని, ఆ తర్వాత గట్టెక్కించిన మొనగాడు ఒక్కడే. కోంటా రామనర్సయ్య. ఆయన చదువుతూ చదువుతూ ఆగితే శబరి నది కూడా ఆగి చెవి పెట్టేది. నమ్మనివాళ్లు నమ్మకపోతే శబరికేం నష్టం లేదు.

చూడ్డానికి మాత్రం వెదురుబొంగుకు ధోవతి చుట్టి, పైన కళ్లజోడు తగిలించినట్టుంటాడు. మూడేళ్లుగా సంస్థానం బడిలో కచ్చా పంతులు. అంటే పాఠం రోజూ చెప్పాల్సిందే, కొలువు మాత్రం ఎప్పుడు ఊడుతుందో తెలియదు. పక్కా పంతులు కావాలంటే పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే మేనమామ ముత్తయ్య పడవలో తెడ్డు ఎదురుచూస్తూ ఉంది. రామనర్సయ్యకేమో మోకాలు దాటిన నీళ్లంటే గుండె దడ.

ఎండాకాలంలో జగదల్‌పూర్ నుంచి కాగితం వచ్చింది. "ఏదేని యొక గ్రంథమును దాని మూలముతో పోల్చి వ్యాసము వ్రాసి, పరీక్షాధికారి యెదుట చదువవలెను." గడువు పది రోజులు.

రామనర్సయ్య దగ్గరున్న గ్రంథం ఒక్కటే. ఏరు దాటి వచ్చిన నాటకాలవాళ్లు మరిచిపోయిన 'శార్దూల పరిణయము'. అన్నాళ్లూ అది ఆయన బల్లకు నాలుగో కాలు. దాన్ని లాగి, దుమ్ము దులిపి చూస్తే ముందుమాటలో ఉంది: ఎర్రబోరు ప్రాంతంలో విన్న అడవి కథే దీనికి మూలమని. మూలం ఎర్రబోరులో ఉంటే పోయి చూసి రావచ్చు కదా అనుకున్నాడు, అదేదో మంచినీళ్ల బావి అయినట్టు. సిరాబుడ్డి చంకన పెట్టుకుని నడిచాడు. తోవలో రెండు ఎలుగుబంట్లు ఆ సిరాబుడ్డిని చూసి, ఏదో సర్కారు పని అనుకుని పక్కకు తప్పుకున్నాయి.

ఎర్రబోరులో ఆ కథ తెలిసిన ముసలమ్మ పేరు లక్మే. వాకిట్లో ఇప్పపూలు ఎండబోసి పుల్లలు ఏరుతోంది.

"పులి కథనా? చెబుత," అంది. "కానీ కథ అడిగినోడే ఊఁ కొట్టాలె. ఊఁ ఆగితే కథ ఆగుద్ది."

"అట్లనే అవ్వా," అని రామనర్సయ్య కాగితం పరిచాడు.

ఒక పులి ఒక పిల్లను చూసి మనసు పడింది. పిల్ల తండ్రి, మూడేండ్లు నా ఇంట్లో ఇల్లరికం ఉండి నాగలి దున్నితే పిల్లనిస్తానన్నాడు. సరేనని పులి ఏట్లో దిగింది. ఇక్కడ రామనర్సయ్య రాతలో మునిగి నోరు మరిచాడు. లక్మే కూడా నోరు మూసి పుల్లలు ఏరుకోసాగింది.

"తర్వాతేందవ్వా?"

"ఏముంది? పులి ఏట్ల నిలబడ్డది. మొల లోతు నీళ్లు."

"ఎందుకట్ల నిలబడ్డది?"

"నువ్వు ఊఁ అనలే."

పక్కనే బుట్ట అల్లుకుంటున్న ఆమె మొగుడు జోగను బతిమాలాడు. "తాతా, నేను రాసుకుంట. నా బదులు నువ్వు ఊఁ కొట్టరాదే."

"కథ అడిగింది నువ్వు. నీకు ఆకలైతే నేను తినాల్నా?" అన్నాడు జోగ.

మూడుసార్లు మొదలైంది. మూడుసార్లూ ఆ పులి అదే ఏట్లో, అవే నీళ్లలో నిలబడింది. నాలుగోసారికి రామనర్సయ్య కలం చెవికి దోపుకుని, చేతులు కట్టుకుని, ఊఁ మీద ఊఁ కొట్టాడు. పులి ఏరు దాటింది. మూడేళ్లు దున్నింది. చివరికి పిల్ల పొలం చూసి, "ఇదేం దున్నుడు? పాము పోయినట్టుంది," అంది. పులి సిగ్గుతో నాగలి కింద పెట్టి, అడవిలోకి వెళ్లిపోయింది.

"నువ్వూ మూడేండ్ల సంది సర్కారోళ్లింట్ల ఇల్లరికమేనట గద పంతులూ! జర సక్కగ దున్ను," అని లక్మే నవ్వింది. "ఇంకో మాట. రేపు నువ్వు చెప్పినా ఊఁ అడుగు. లేకుంటే ఆ పులి నీళ్లల్ల నాని సస్తది."

మాటిచ్చాడు. మాటిస్తే తప్పలేకపోవడం ఆయనకున్న రోగం.

పరీక్ష రోజున అధికారి దోర్నపాల్ మీదుగా ఎడ్లబండిలో వచ్చాడు. ఆయన మీసం ముందొచ్చింది, ఆయన పావుగంట ఆగి వచ్చాడు. బడి కిటికీ బయట ముత్తయ్య తెడ్డు భుజాన వేసుకుని నిలబడ్డాడు. రామనర్సయ్య చదవడం మొదలుపెట్టాడు. నాటకంలో పులి శాపం తగిలిన రాకుమారుడట, నలభై పద్యాలు పాడి పెళ్లి చేసుకుంటాడట. మీసం మెచ్చుకోలుగా కదిలింది. మూలంలో పులి ఏట్లో దిగింది. రామనర్సయ్య ఆగి తలెత్తాడు.

"ఆపావేం? చదువు."

"తమరు ఊఁ అనాలండి."

"నేనా?"

"వ్యాసం అడిగింది తమరే కదండి. అడిగినవాళ్లే అనాలి."

"ఎక్కడిదయ్యా ఈ నిబంధన?"

"ఎర్రబోరుదండి."

"రారా అల్లుడా, తెడ్డు తెచ్చిన!" అన్నాడు కిటికీ లోంచి ముత్తయ్య.

రామనర్సయ్య ఆ తెడ్డు వైపు చూశాడు. కళ్లు మూసుకుని తర్వాతి వాక్యం చదివేస్తే కొలువు దక్కుతుంది. కానీ మొల లోతు నీళ్లలో నిలబడడమంటే ఏమిటో ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? కాగితం మడిచాడు.

"అయితే పులి అక్కడే ఉంటదండి," అని కూర్చున్నాడు.

అధికారి కలం తీశాడు. పేరు ఎదురుగా ఏదో గీయబోయాడు. గీయలేదు. చెమట తుడుచుకున్నాడు.

"నీళ్లు చల్లగా ఉన్నాయా?" అని అడిగాడు.

"అవ్వ చెప్పలేదండి. లోతు మాత్రం మొల దాకా."

అధికారి కలం కింద పెట్టాడు. అప్పుడు, "ఊఁ," అన్నాడు.

పులి ఏరు దాటింది, దున్నింది, అడవికి పోయింది. వ్యాసం చివర ఇలా ఉంది: "పుస్తకములోని పులి యెవరు వినకున్నను అయిదవ అంకములో రాకుమారుడగును. లక్మే పులికి ఎదుట ఒక మనిషి లేనిదే ఏరు దాటుట చేతకాదు. ఇదియే భేదము." దానికీ ఊఁ పడింది. పక్కా పంతులని సంతకమూ పడింది. ముత్తయ్య తెడ్డుతో ఒంటరిగా ఇంటికి పోయాడు.

ఆనాటి ఊఁ దెబ్బకు అవతలి ఒడ్డున తాటికాయలు రాలాయి. శబరి లోంచి నిజం పులే లేచి, ఒళ్లు విదిలించుకుని, బడి వైపు సలాం కొట్టి పోయింది. కోంటాలో ఎవరినడిగినా ఇదే చెబుతారు, ఒక్క రామనర్సయ్య తప్ప. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అనేది ఇంతే:

"పులీ లేదు, సలామూ లేదు. ఆయన ఆరుసార్లు ఊఁ అన్నడు. నూటికి ముప్పై ఆరు మార్కులేసి, దస్తూరి బాగలేదని రాసిండు."